నీళ్ళలో పోయినవాళ్ళ జాబితా

చంటి పోయింది గుండెలోతు నీళ్ళలో. కైకలూరు అవతల ఒక చేపల చెరువులో, పొద్దున్న తొమ్మిది గంటల వేళ, పక్కన ఆరుగురు మనుషులుండగా. వల లాగుతూ లాగుతూ తాడు వదిలేసి కిందికి జారిపోయాడు. వల ఏ మొద్దుకో పట్టుకుంది, విడిపించడానికి మునిగాడనుకున్నారు పక్కవాళ్ళు. ఎంతకీ పైకి రాకపోయేసరికి వెతికి గట్టు మీదికి చేర్చారు. అప్పటికే అయిపోయింది.

ముప్పై మూడేళ్ళవాడు. నడక రాకముందే ఈత వచ్చిందని చెప్పుకునే మనిషి. మందు ముట్టడు. "గుండెలోతు నీళ్ళలో వీడెలా మునిగాడర్రా?" అని చావుకొచ్చిన ప్రతివాళ్ళూ ఒకరినొకరు అడుక్కున్నారు. ఆస్పత్రి కాగితంలో మాత్రం 'నీట మునిగి మృతి' అని రాసి ఊరుకున్నారు.

చంటి అక్క సత్యవేదం తాడేపల్లిగూడెం నుంచి వచ్చి తమ్ముడి కాళ్ళ దగ్గర కూర్చుంది. పాస్టరుగారు ప్రార్థన ముగించాక, వీధి చివరింటి ముసలమ్మ ఒకావిడ చంటి మొహం వంక చూసి, "ఏసోబు మనవడేగా. అదే చావు. చెయ్యన్నా పైకెత్తకుండా పోయుంటాడు" అని తనలో తాను గొణుక్కుంది.

సత్యవేదం తల్లి కనకమ్మ చటుక్కున తలెత్తింది. అప్పటిదాకా గుండెలు బాదుకుంటూ ఏడుస్తున్న మనిషి ఏడుపాపి, "నువ్విక ఇంటికెళ్ళు అత్తా" అంది. ఆ గొంతులో దుఃఖం లేదు. భయం ఉంది. ఆ భయాన్ని సత్యవేదం చూసింది.

ఏసోబు అంటే కనకమ్మ తండ్రి. విషజ్వరమొచ్చి మంచం మీద పోయాడనే సత్యవేదం చిన్నప్పటినుంచి వింది.

సత్యవేదానికి నలభై రెండేళ్ళు. తాడేపల్లిగూడెంలో రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా, ఒక దస్తావేజు లేఖరి దగ్గర పద్దెనిమిదేళ్ళుగా టైపు పని చేస్తోంది. భర్త సత్తిబాబు లారీలకి ఎలక్ట్రికల్ పని చేస్తాడు. ఒక్కతే కూతురు, జాయ్సీ, తొమ్మిదో తరగతి. ఊరి పాత కాగితాలన్నీ సత్యవేదం చేతుల మీదుగా పోతుంటాయి. అరిగిపోయిన చేతిరాత ఎంత గొలుసుకట్టుగా ఉన్నా చదివేస్తుందని పేరు. అంతటి మనిషి కూడా సొంత ఇంటి కాగితం ఒక్కటీ ఏనాడూ విప్పి చూసుకోలేదు. అవసరం పడలేదు.

చంటి పోయిన రెండు నెలలకి అవసరం పడింది.

బడిలో ఖోఖో ఆడుతూ జాయ్సీ పడిపోయింది. కాలు తట్టుకుని కాదు, పరిగెత్తుతున్నది పరిగెత్తుతున్నట్టే కుప్పకూలిపోయింది. అర నిమిషంలో లేచి కూర్చుని, "ఏమైంది టీచర్?" అనడిగిందట. ఎండదెబ్బ అన్నారు టీచర్లు. సత్తిబాబూ అదే అన్నాడు. "పొద్దున్న టిఫినన్నా తినకుండా పోతుంది, పడిపోక ఏం చేస్తుందే?" అని తేలిగ్గా తీసిపారేశాడు.

సత్యవేదానికి మాత్రం చంటి గుర్తొచ్చాడు. తాడు వదిలేసిన చేతులు గుర్తొచ్చాయి.  మర్నాడే కూతుర్ని వెంటబెట్టుకుని పాసింజరెక్కి ఏలూరు వెళ్ళింది.

డాక్టర్ గాయత్రి గుండె డాక్టరు. మాట మెత్తన, చూపు మాత్రం సూటిగా ఉంటుంది. ఈసీజీ కాగితం బల్ల మీద పరిచి స్కేలు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. తర్వాత జాయ్సీని బయట కూర్చోమని చెప్పి, తలుపు దగ్గరగా వేయించింది.

"అమ్మా, గుండె ఒకసారి కొట్టుకున్నాక దాని కరెంటు మళ్ళీ సర్దుకోవాలి. మీ పాపకి ఆ సర్దుకోవడం కాస్త ఆలస్యమవుతోందేమోనని నా అనుమానం. ఏమో అనే అంటున్నాను. ఈ కాగితం అటూ కాదు, ఇటూ కాదు, అంచు మీదుంది. అలాంటివాళ్ళకి పరిగెత్తినా, ఈత కొట్టినా, బాగా ఉలిక్కిపడినా గుండె లయ తప్పుతుంది. ఇది వంశంలో వచ్చేది. మీ ఇళ్ళలో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"మా తమ్ముడండి. చెరువులో."

డాక్టరమ్మ చేతిలో స్కేలు అక్కడే ఆగిపోయింది.

"ఈత వచ్చా?"

"చేపలా ఈదేవాడండి."

"అయితే నాకు మీ వంశమంతా కావాలి. రెండు మూడు తరాలు. ఎవరు, ఏ వయసులో, ఎలా పోయారు. విన్నమాట కాదమ్మా, కాగితం ఉంటే కాగితం. ఈలోగా పాపని పరిగెత్తనివ్వకండి, నీళ్ళలో దిగనివ్వకండి. కొన్ని పరీక్షలు చేద్దాం, మందు మొదలుపెడతాను. అవసరమైన మందేనా కాదా అన్నది మాత్రం మీ పెద్దవాళ్ళ చావులే తేల్చాలి."

ఆ రోజునుంచి సత్యవేదం ఇంట్లో ప్రశాంతత పోయింది. కూతురు స్నానాల గదిలోకి వెళ్తే తలుపు బయట నిలబడేది. నీళ్ళ చప్పుడు ఆగితే తలుపు తట్టేది. "బతికే ఉన్నానమ్మా!" అని లోపల్నుంచి జాయ్సీ చిరాకుపడేది.  అలారం గడియారం తీసి బీరువాలో దాచింది. కుక్కరు కూత వేసేలోపే పొయ్యి కట్టేసేది. పక్కింటివాళ్ళు పెళ్ళికి టపాకాయలు కాలుస్తుంటే జాయ్సీ చెవులు రెండూ తన అరచేతులతో మూసి కూర్చుంది.

తల్లిని అడిగితే ఫోను పెట్టేసింది. "పోయినోళ్ళని తవ్వకే" అని ఒక్క మాట.

సరే, కాగితాలనే అడుగుదామనుకుంది సత్యవేదం.

కనకమ్మ వాళ్ళది కొల్లేటి ఒడ్డున పైడిలంక. ఏదో పాత వరదప్పుడు పైడిలంక చర్చి రిజిస్టర్లన్నీ ఏలూరు చర్చికి తరలించారని అక్కడి పాస్టరుగారు చెప్పారు. ఒక శనివారం ఆ చర్చి గదిలో, చెక్కబీరువాలోంచి భూస్థాపనల పుస్తకం దింపారు. అట్ట చెదలు తినేసింది. లోపల సిరా గోధుమరంగుకి తిరిగింది. వరస సంఖ్య, పేరు, వయసు, తండ్రి లేక భర్త, మరణ కారణము. గళ్ళన్నీ చేత్తో గీసినవే.

సత్యవేదం వేలు పెట్టి ఒక్కో గడే చదువుకుంటూ పోయింది. మశూచి. వాంతులు విరేచనములు. ప్రసవము. వృద్ధాప్యము. 1968 దగ్గర వేలు ఆగింది.

ముంగర ఏసోబు. ముప్పైనాలుగు సంవత్సరములు. తండ్రి కీర్తిశేషులు పౌలు. నీట మునుగుట చేత.

జ్వరం కాదు.

 పక్కనున్న సీసాలో నీళ్ళు తాగబోయి, ఎందుకో తాగలేక పక్కన పెట్టేసింది. ఆ పేజీ ఫోనులో ఫొటో తీసుకుని, వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. ఏసోబు తండ్రి పౌలు ఎక్కడన్నా దొరుకుతాడేమోనని. ముంగర పౌలు అనేవాడు ఆ పుస్తకంలో లేనే లేడు. ముంగర పోలయ్య అని మాత్రం ఒకడున్నాడు. 1946. నలభై ఒక్క సంవత్సరములు. దోనె మీదినుంచి నీటిలో పడి.

ఇద్దరూ ఒకడేనా? ఆ ప్రశ్న మీద రెండు వారాలు తిరిగింది. ఒక మనిషి రెండు పేర్లతో బతకడం సత్యవేదానికి కొత్త కాదు. ఆఫీసులో రోజుకి రెండుసార్లు 'అలియాస్' అని టైపు చేస్తుంది. చర్చిలో ఒక పేరు, కరణం పుస్తకంలో ఇంకో పేరు ఉన్న కుటుంబాలు ఆ లంకల్లో ఎన్నో ఉన్నాయి. చివరికి కైకలూరులో, తెలిసిన గుమస్తా ఒకాయన దయతలచి తీయించిన పాత పట్టా నకల్లో ఆ వాక్యం కనిపించింది. 'ముంగర పోలయ్య అలియాస్ పౌలు వారసులు, కుమారుడు ఏసోబు, కుమార్తె మరియమ్మ.'

వేరే రోజైతే ఇలాంటి ముడి విడిపోయినందుకు కాఫీ తెప్పించుకుని సంబరపడేది. ఆ రోజు ఆ నకలు చేతిలో పట్టుకుని బస్టాండులో చాలాసేపు అలాగే నిలబడిపోయింది. తండ్రీ కొడుకూ ఇద్దరూ నీళ్ళలోనే. ఒక్కో కాగితం దొరుకుతున్న కొద్దీ కూతురికి దగ్గరగా ఏదో అడుగులో అడుగేసుకుంటూ వస్తున్నట్టుంది. వెతకడం మానేస్తే అది కూడా ఆగిపోతుందేమోనన్న పిచ్చి ఆలోచన కూడా వచ్చింది.

ఆగలేదు. ఏలూరు చర్చి పాస్టరుగారే ఇంకో దారి చూపించారు. "పౌలుకి పెద్ద కొడుకొకడు ఉన్నట్టుందమ్మా. బాప్తిస్మాల పుస్తకంలో యోహాను అని ఉంది. భీమడోలు దగ్గర బోర్డింగు బడికి పంపినట్టు పక్కన రాశారు."

ఆ బడి ఇప్పుడు ఇంకో పేరుతో నడుస్తోంది. హెడ్మాస్టరుగారు మొదట కుదరదన్నారు. సత్యవేదం కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు, వాదించలేదు. జాయ్సీ ఈసీజీ తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూసి, ఆమెని చూసి, తాళాలు తెప్పించారు.

అడ్మిషన్ రిజిస్టరులో యోహాను దొరికాడు. పుట్టిన ఊరు పైడిలంక. తండ్రి పోలయ్య. చివరి గడి 'బడి విడిచిన కారణము.' మిగతా పిల్లలందరికీ అక్కడ 'ఉత్తీర్ణత', 'తండ్రి తీసుకొనిపోయెను' అని ఉంది. యోహానుకి మాత్రం 'పందెపు ఈతలో మృతి' అని ఉంది.

వయసు గడిలో పదమూడు.

జాయ్సీకి పద్నాలుగు నిండి నెల రోజులైంది.

సత్యవేదం రిజిస్టరు మూసేసింది. హెడ్మాస్టరుగారు ఏదో అడుగుతున్నారు, వినపడలేదు. బయటికొచ్చి భర్తకి ఫోన్ చేసింది. "ఏవండీ, పాప ఎక్కడుంది?"

"బడిలో ఉంటుంది. ఇప్పుడెక్కడుంటుంది?"

"వెళ్ళి చూసి రండి. ఇప్పుడే. లోపలికెళ్ళి, కళ్ళతో చూసి నాకు ఫోన్ చెయ్యండి."

సత్తిబాబు ఆ గొంతు విని ఎదురుమాట్లాడలేదు. పావుగంటకి ఫోన్ చేశాడు. "లెక్కల క్లాసులో ఉందే. నన్ను చూసి సిగ్గుపడింది." అప్పుడు ఏడ్చింది సత్యవేదం, భీమడోలు స్టేషన్లో బెంచీ మీద, ఎవరు చూస్తున్నా పట్టించుకోకుండా.

జాబితాలో అందరినీ కలిపేసుకోకూడదని కూడా ఆమెకి తెలుసు. చర్చి పుస్తకంలో ముంగర వారిలోనే ఇంకొకడున్నాడు, తుపానులో కొట్టుకుపోయినవాడు. అదే రోజు ఆ ఊళ్ళో ఇంకా పదకొండు మంది పోయారు. ఆ పేరు రాసి, మళ్ళీ కొట్టేసింది. నీళ్ళు తీసుకున్నవాళ్ళు వేరు, గుండె ఆగి నీళ్ళకి దొరికినవాళ్ళు వేరు. ఆ తేడా చెప్పగలిగిన మనిషి, బతికున్నవాళ్ళలో ఒక్కతే ఉంది.

ఆ ఆదివారం పైడిలంక వెళ్ళి, మధ్యాహ్నం అన్నాలయ్యాక, తల్లి ముందు కాగితాలు పరిచింది. కనకమ్మకి చదువు రాదు. అయినా 1968 పేజీ ఫొటో మీద కూతురు వేలు పెట్టి ఏసోబు పేరు చదవగానే ఆమెకి అర్థమైంది.

"తాతయ్యకి జ్వరమన్నావు కదమ్మా?"

కనకమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, గోడకేసి చూస్తూ చెప్పింది.

"నాకు తొమ్మిదేళ్ళే. నాన్నా నేనూ దోనె మీద వస్తన్నాం. గుర్రపుడెక్కలో ఇరుక్కుపోయింది. నాన్న దిగి తోస్తన్నాడు. నన్ను చూసి నవ్వుతా ఏదో అన్నాడే. అంటా అంటా అలా కిందికి వెళ్ళిపోయాడు. కేక లేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. నన్ను ఆటపట్టిత్తన్నాడనుకుని నేను నవ్వతా కూచున్నాను. ఎంతసేపు నవ్వానో!"

సత్యవేదం తల్లి చెయ్యి పట్టుకుంది. మంచులా ఉంది.

"నాన్నకి నాన్నా అంతే, అన్నా అంతేనంట. నీళ్ళు పగబట్టిన ఇల్లని ఊళ్ళో అనేవోళ్ళు. ఆ మాట బైటికి పోతే నన్నెవరు చేసుకుంటారని మా అమ్మ జ్వరమని చెప్పింది. చెప్పగా చెప్పగా అదే నిజమైపోయింది. నిన్ను ఆరో ఏటనే తాడేపల్లిగూడెం హాస్టల్లో ఎందుకు పడేశాననుకున్నావ్? చదువుకా? ఈ నీళ్ళకి దూరంగా ఉంటావని. నువ్వు దక్కావ్. ఆడు మాత్రం ఇనలేదే. చెరువుల్లోకి దిగొద్దురా అని కాళ్ళు పట్టుకున్నాను. ఎందుకొద్దో చెప్పమన్నాడు. చెప్పలేకపోయాను."

తల్లి తనని ప్రేమ లేక హాస్టల్లో వదిలేసిందని ముప్పై ఆరేళ్ళుగా సత్యవేదం మనసులో ఒక ముల్లుంది. ఆ మాట ఆమె పైకి అనలేదు. "అమ్మా, ఇది పగ కాదు. జబ్బు. దీనికి మాత్రలున్నాయి" అని మాత్రం చెప్పింది. కనకమ్మ ఆ మాట నమ్మలేనట్టు చూసింది. యాభై ఏడేళ్ళు భయపడింది ఒక మాత్రకి లొంగే దానికా?

ఏలూరులో డాక్టర్ గాయత్రి ఆ జాబితాని రెండుసార్లు చదివింది. యోహాను, పదమూడు. పోలయ్య, నలభై ఒకటి. ఏసోబు, ముప్పైనాలుగు. చంటి, ముప్పైమూడు. ప్రతి పేరు పక్కనా ఆ కాగితం నకలు. "ఇంత పద్ధతిగా రాసిచ్చిన వంశవృక్షం నేనెప్పుడూ చూడలేదమ్మా" అంది. సత్యవేదం ఆ మెచ్చుకోలు పట్టించుకోకుండా నకళ్ళు సర్దింది.

కనకమ్మ, సత్యవేదం, జాయ్సీ, ముగ్గురికీ పరీక్షలు చేశారు. కనకమ్మ కాగితంలో ఆ తేడా కొట్టొచ్చినట్టుంది. ఇన్నాళ్ళూ నీళ్ళలో దిగలేదు, పరుగు తీయలేదు, అలా గడిచిపోయింది. సత్యవేదానికీ ఉంది. తన గురించి ఒక్కసారి కూడా అనుకోని మనిషి, డాక్టరమ్మ చెప్తుంటే వేరెవరి గురించో విన్నట్టు విన్నది. రక్తం పెద్ద ల్యాబుకి పంపితే జాయ్సీ సంగతి కూడా ఖాయమైంది. చంటికి ఐదేళ్ళ కూతురుంది. పరీక్ష చేస్తే ఆ పిల్లకి మాత్రం లేదని తేలింది. ఆ కబురు విని చంటి భార్య ఆస్పత్రి మెట్ల మీద కూలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది.

అక్కడితో ఆగిపోయుండొచ్చు. కానీ పట్టా నకల్లో ఏసోబుకి చెల్లెలు ఉంది. మరియమ్మ. బాప్తిస్మాల పుస్తకంలో ఆమె పేరు పక్కన 'వివాహమై ఉండి గ్రామ సంఘమునకు బదిలీ' అని రాసుంది.

ఉండిలో మరియమ్మ కొడుకు అబ్బులు దొరికాడు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. వరసకి బాబాయి. కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు. సత్యవేదం కాగితాలు తీసేసరికి మొహం మారిపోయింది.

"మా అమ్మ ఎనభై ఏళ్ళు బతికి మంచం మీద పోయిందమ్మా. మాకేం రోగాల్లేవు."

"ఉన్నా కొందరికి బయటపడదంట బాబాయ్‌గారూ. మా అమ్మకీ పడలేదు. మీ పిల్లలు…"

"మావాడికి సంబంధం ఖాయమైంది. వచ్చే నెల్లో పెళ్ళి. ఇలాంటి మాట వాళ్ళ చెవిన పడిందంటే?"

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య మెల్లగా అంది, "మరి మీ తమ్ముడు, ఉప్పుటేట్లో…"

"నోర్ముయ్!" అని అరిచాడు అబ్బులు. ఆ వెంటనే చేతులు జోడించాడు. "వెళ్ళిరామ్మా. నీకు పుణ్యముంటుంది."

సత్యవేదం లేచింది. డాక్టరమ్మ ఫోన్ నంబరూ, నాలుగు పేర్ల జాబితా ఉన్న కాగితమూ టీ గ్లాసు కింద పెట్టింది. వీధిలోకొచ్చేసరికి ఆ ఇంటి కుర్రాడే, వినయ్, చెరువు పని నుంచి తడి లుంగీతో ఎదురొచ్చాడు. పాతికేళ్ళుంటాయి. అచ్చం చంటి నడకే. ఆమె నోరు తెరవబోయింది. తండ్రి అరుగు మీద నిలబడి చూస్తున్నాడు. ఆమె బస్టాండు వైపు నడిచింది.

ఆ తర్వాత పందొమ్మిది రోజులు ఉండి నుంచి ఏ ఫోనూ రాలేదు. రాని ఫోను కోసం చూడటం కంటే, వస్తే ఏ కబురొస్తుందోనన్న దిగులే ఎక్కువ. ఫోను మోగిన ప్రతిసారీ సత్యవేదానికి పై ప్రాణాలు పైనే పోయేవి.

ఇరవయ్యో రోజున డాక్టర్ గాయత్రి దగ్గర జాయ్సీని చూపించడానికి వెళ్తే, వరండాలో చివరి బెంచీ మీద అబ్బులు కూర్చుని ఉన్నాడు. చేతిలో కొడుకు చొక్కా ఉంది. వినయ్‌ని లోపల ఈసీజీకి పడుకోబెట్టారు. సత్యవేదాన్ని చూసి అబ్బులు తల తిప్పుకున్నాడు. అటు చూస్తూనే అన్నాడు.

"మా తమ్ముడు పోయిన రోజు గట్టు మీద నేనే ఉన్నానమ్మా. చెయ్యెత్తలేదు. నేనూ నవ్వులాటే అనుకున్నాను." చొక్కాని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "భయంగా ఉందమ్మా."

"నాకూ ఉందండి" అని ఆమె పక్కన కూర్చుంది.

వినయ్‌కి ఉందని తేలింది. పెళ్ళి నెల వెనక్కి జరిగింది గానీ ఆగలేదు. దాచకుండా చెప్పమని పెళ్ళికూతురే పట్టుబట్టిందట. అతనిప్పుడు చెరువులో దిగడు. మేత దుకాణంలో పనికి కుదిరాడు. కనకమ్మ రోజూ పొద్దున్నే గూడేనికి ఫోన్ చేసి, "మాత్రలేసుకున్నారా ఇద్దరూ?" అనడిగి, అవునన్నాకే తన మాత్ర వేసుకుంటుంది. జాయ్సీ మళ్ళీ పడిపోలేదు. ఖోఖో మానేసి స్కోరు రాస్తోంది. అందుకు ఇప్పటికీ తల్లి మీద అలుగుతుంది.

సత్యవేదం మాత్రం వెతకడం ఆపలేదు. పోలయ్యకి అమ్ములు అని ఒక చెల్లెలు ఉంది. వివాహాల పుస్తకంలో 1928లో పేరు దొరికింది. వరుడి పేరు ఉంది, తండ్రి పేరు ఉంది. ఊరి పేరు రాసిన మూల చెదలు తినేసింది. 'లంక' అన్న రెండక్షరాలే మిగిలాయి. కొల్లేటి చుట్టూ లంక అని ముగిసే ఊళ్ళన్నీ రాసుకుని, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో చర్చికి వెళ్ళివస్తోంది. బస్సు చెరువుల మధ్య గట్టు మీదుగా పోతుంటే కిటికీలోంచి చూస్తుంది. గుండెలోతు నీళ్ళలో వరసగా నిలబడి వల లాగుతున్న మనుషులు కనిపిస్తారు. బస్సు మలుపు తిరిగేదాకా వాళ్ళ తలలు లెక్కపెట్టుకుంటుంది.